కస్టమర్ పేరు: బంటి బాపు

మా కంపెనీలో శృతి ఏం పని చేస్తుందో నాకు చాలా రోజులు అర్థం కాలేదు. అర్థం కాని పనిని చూస్తే నాకు మొదట చిరాకు వస్తుంది, తర్వాత ఆరా మొదలవుతుంది. చిరాకు వారంలో పోయింది. ఆరా ఇప్పటికీ పోలేదు.

నా పేరు రామ్‌దాస్. నిజామాబాద్‌లో వ్యవసాయ మోటార్లు, డ్రిప్పు పైపులు అమ్మే కంపెనీలో కౌంటరు దగ్గర కూర్చుంటాను. రైతులతో బేరం, మెకానిక్కులతో పోట్లాట, మధ్యాహ్నం టిఫిన్ డబ్బా, ఇదీ నా బతుకు. నా కౌంటరు వెనకే అద్దాల గది ఒకటుంది. అందులోకి రెండేళ్ల కింద శృతి వచ్చి కూర్చుంది. అరిచేది లేదు, లేచేది లేదు, పొద్దంతా తెరను చూడటమే. ఈ పిల్లకు జీతం ఎందుకిస్తున్నారా అని మా ఓనరు మల్లికార్జున్ సార్‌ను అడుగుదామనుకున్నాను గానీ, ఆయన తిరిగి నా జీతం గురించి అడుగుతాడేమోనని ఊరుకున్నాను.

ఆమెది బోధన్, శక్కర్‌నగర్. తండ్రి కాశయ్య చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్ల కాంటా దగ్గర పని చేసినవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆయన ఇంట్లో కూర్చున్నాడు, ఈమె హైదరాబాద్ పోయి వెబ్‌సైట్లు తయారుచేసే పని నేర్చుకుంది. అక్కడే ఉండిపోతుందనుకున్నారట. బోధన్‌లో బడిపంతులుగా ఉన్న పరమేశ్వర్‌ను పెళ్లి చేసుకుని వెనక్కి వచ్చేసింది. రోజూ బోధన్ నుంచి బస్సులో వస్తుంది. కిటికీ సీటు దొరికిన రోజు మొహం వేరేగా ఉంటుంది.

నీ పనేంటమ్మా అని ఒకరోజు అడిగేశాను.

"అన్నా, కస్టమర్ ఎవరు, ఏ మోటరు కొన్నడు, మెకానిక్ ఎప్పుడు పోయిండు, మనం ఏం మెసేజ్ పంపినం, మన వెబ్‌సైట్ల ఆయన ఏం చూసిండు, అన్నీ ఒక్క దగ్గర ఉంటయి. దాన్నే ప్లాట్‌ఫాం అంటరు. ఒకదాన్ని ముట్టుకుంటే మిగిలినయన్ని కదులుతయి" అంది.

నాకు తెలిసిన ప్లాట్‌ఫాం రైల్వే స్టేషన్‌లో ఉంటుంది. ఆ మాటే అన్నాను. నవ్వి, కుర్చీ పక్కకు జరిపి చూపించింది. నిజంగానే వింతగా ఉంది. ఒక రైతు పేరు నొక్కితే ఆయన పేజీ తెరుచుకుంటుంది. మోటరు కొన్న తేదీ, గ్యారంటీ, మెకానిక్ సర్వీసింగ్‌కు పోయినప్పుడు తీసిన మోటరు ఫోటో, అన్నీ ఉన్నాయి. ఆ రైతు తన ఫోన్లో ఆ పేజీ తెరిచినా ఇక్కడ తెలుస్తుందట. దుబాయ్, మస్కట్ నుంచి తెరిచేవాళ్లూ చాలామంది. మనిషి ఎడారిలో ఉన్నా మనసు పసుపు చేను గట్టు మీదనే కదా.

"ఇంకో తమాషా అన్నా. దుబాయ్ నుంచి ఒకాయన రోజూ ఒకే ఫోటో చూస్తడు. మోటరు ఫోటో. ఏముందో దాంట్ల."

"పోటీ కంపెనీవాడై ఉంటడు" అన్నాను. నాకు లోకమంతా పోటీ కంపెనీవాళ్లే. శృతి మాత్రం ఒప్పుకోలేదు. ఆమె గుణమే అది. ఏదైనా అర్థం కాకపోతే నాలాగా ఎవడినో అనుమానించి పడుకోదు, దాని వెంట పడుతుంది.

పేర్ల సంగతీ అలాగే మొదలైంది. ఒకరోజు నన్ను లోపలికి పిలిచి, "అన్నా, గిదేం పేరు?" అంది. తెర మీద కస్టమర్ పేరు దగ్గర 'బంటి బాపు' అని ఉంది. దాని కింద 'లడ్డు బాపు'. ఇంకాస్త కిందికి పోతే 'మా ఇంటాయన', ఊరు జక్రాన్‌పల్లి.

నాకు నవ్వాగలేదు. ఆ కథ నాకు తెలుసు. అంతకు ముందు గ్యారంటీ కాగితాలన్నీ గోదాములో చెదలు తింటుంటే, వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి కంపెనీ కొందరు అమ్మాయిలను పెట్టింది. వాళ్లు పగటిపూట ఇండ్లకు ఫోన్లు చేశారు. మగవాళ్లు పొలంలోనో, గల్ఫ్‌లోనో ఉంటారు. ఫోనెత్తేది ఆడవాళ్లు. మీ ఆయన పేరేంటి అంటే ఏ ఇల్లాలు చెబుతుంది? మా వైపు పెనిమిటి పేరు నోట పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందంటారు. పెళ్లి రోజు గడప దగ్గర ఆడబిడ్డలు బలవంతంగా చెప్పించే ఆ ఒక్కసారే, మళ్లీ జన్మలో పలకరు. బంటి తండ్రి అనడానికి, బంటి బాపు అని రాసుకో బిడ్డా, అన్నారు. అమ్మాయిలు రాసుకున్నారు. చెప్పింది చెప్పినట్టు రాసినవాళ్లను తప్పు పట్టలేం.

శృతి మాత్రం నవ్వలేదు. పేర్లు సరిచేయాలని సార్‌కు చెప్పింది. ఆయనేమో ముందు వెబ్‌సైట్ కొత్తగా చేయి, పేర్లు తర్వాత చూద్దామన్నాడు. తర్వాత అనే మాటకు మా కంపెనీలో అర్థం నాకు బాగా తెలుసు.

ఈలోగా ప్లాట్‌ఫాం తన పని తాను చేసుకుపోయింది. ఒకే మనిషి రెండుసార్లు నమోదైతే ఇద్దరిని ఒకరిగా కలిపేసే ఏర్పాటు దానికి ఉంది. పేరు, మండలం, మోటరు రకం, ఈ మూడూ ఒకటైతే కలిపేయమని శృతే చెప్పి పెట్టింది. ఫోన్ నంబరు కలవకపోయినా ఫరవాలేదంది, ఎందుకంటే మనవాళ్లు చొక్కా మార్చినట్టు సిమ్ము మారుస్తారు. అంతా సబబుగానే ఉంది. కానీ ఒక్కో మండలంలో ఎంతమంది బంటీలుంటారో దానికేం తెలుసు? పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరికిందన్నట్టు, అది వేల్పూర్ మండలంలో ఇద్దరు బంటి బాపులను పట్టుకుని ఒక్కరిని చేసేసింది. రెండు నంబర్లలో కొత్తది ఉంచుకుని, పాతది పక్కన పడేసింది. ఎవరికీ తెలియలేదు.

ఆ ఆషాఢంలో వాన మొహం చాటేసింది. పసుపు పెట్టిన రైతులు మోటార్ల మీదే ఆధారపడ్డారు. ఒక రోజు పొద్దున నేను షట్టరు ఎత్తేసరికి మెట్ల మీద ఒకామె కూర్చుని ఉంది. నలభై ఐదు దాటి ఉంటాయి. చేతిలో బటన్ ఫోను, చీర కొంగు నోటికి అడ్డం.

"అన్నా, మీ కంపెనీల మాట్లాడే ఆడామె ఏది?" అంది.

"ఏం కావాలె చెల్లె? మోటరు కాలిందా?"

"మోటరు గాదు. ఆమెనే కావాలె. ఆమె గొంతు నాకు ఎర్కే."

అప్పటికి నాకు వెలగలేదు. చదువురాని రైతులుంటారని శృతి కొన్ని మాటలను తన గొంతుతోనే రికార్డు చేసి పెట్టింది. సర్వీసింగ్ తేదీ, గ్యారంటీ ముగింపు, పండగ శుభాకాంక్షలు. పేరు రావాల్సిన చోట కస్టమర్ పేరు కలుపుకుని యంత్రమే ఫోను చేస్తుంది. బోధన్ బస్సు దిగి శృతి లోపలికి వచ్చి, "ఏంటన్నా, షట్టరు సగమే ఎత్తినవ్?" అనగానే ఆమె దిగ్గున లేచి నిలబడింది.

"గీమెనే. గీ గొంతే." శృతి చేయి పట్టుకుంది. "చెల్లె, నిన్న పొద్దుమీకి ఫోను చేసి చెప్పినవ్ గదా, బంటి బాపు పోయిండని, మీ అందరికి బాధైందని. నీకెవలు చెప్పిండ్రు? ఎట్ల పోయిండు?"

శృతికి వెంటనే వెలిగింది. ఎవరైనా కస్టమర్ చనిపోయినట్టు కబురొస్తే, సంతాపం తెలిపే మాట ఒకటి కూడా ఆమె రికార్డు చేసింది. చక్కగా, మెల్లగా, ఇంట్లో మనిషి పలికినట్టు చెబుతుంది. అదే ఈమెకు పోయింది.

కూర్చోబెట్టి నీళ్లిచ్చాం. పేరు హన్మవ్వ. పెనిమిటి దుబాయ్‌లో ఉంటాడు. మొన్నటి నుంచి ఫోను కలవడం లేదు, ఏదో అరబ్బీ మాట వినిపించి ఆగిపోతోంది. ఆ దిగులులో ఉండగానే మా కంపెనీ ఫోను ఆమెకు వెళ్లింది. మోటరు సంగతులన్నీ ఆయన అక్కడినుంచే ఫోన్లో మా కంపెనీ వెబ్‌సైట్‌లో చూసుకుంటాడని ఆమెకు తెలుసు. అందుకే తనకంటే ముందు మాకు తెలిసిందనుకుంది.

"ఇంట్ల ఎవ్వలకు చెప్పలే. అత్తకు చెప్తె ఆమె పాణం ఇడుస్తది. పిల్లకు పరీక్షలు. బంటి పట్నంల ఉన్నడు, వాడు విన్నడంటె నిలబడడు. ఎవ్వలకు ఫోను చెయ్యకుండ్రి. నిజమైతె నాకొక్కదానికి చెప్పుండ్రి."

ఏడవడం లేదు. అది చూసే నాకు భయమేసింది.

శృతి తెర ముందు కూర్చుంది. వెతకడం మొదలుపెట్టింది. కొద్దిసేపటికి విషయం తేలింది. మొన్న ఒకావిడ మా కాల్ డెస్కుకు ఫోను చేసి, బంటి బాపు కాలం చేసిండు, ఇక మోటరు సర్వీసింగ్ వద్దు అంది. డెస్కు అమ్మాయి వెతికితే వేల్పూర్ మండలంలో బంటి బాపు ఒక్కడే కనిపించాడు. ఆ ఒక్కడి మీద చనిపోయినట్టు గుర్తు పెట్టింది. ఆ పేజీలో మిగిలి ఉన్నది హన్మవ్వ నంబరే.

"అక్కా, ఇది మా పొరపాటు. పోయింది వేరే బంటి బాపు" అంది శృతి.

"మరి ఆయన ఫోను ఎందుకు కలుస్తలేదు?" అంది హన్మవ్వ.

పొరపాటు మాదే కావచ్చు, ఆమె భయం మాత్రం మా పొరపాటుతో పోయేది కాదు. పొరపాటున చెప్పిన మాట కూడా ఒక్కోసారి నిజమవుతుంది.

శృతి అంది: "ఆయన దుబాయ్ నుంచి మన వెబ్‌సైట్ చూస్తడంటున్నరు గదా. చూస్తే తన పేరుతోని చేరి ఉంటడు. ఎప్పుడు చూసిండో నాకు కనిపిస్తది. పేరు చెప్పక్కా."

హన్మవ్వ తల దించుకుంది.

"ఒక్కసారి చెప్పక్కా. దుబాయ్ నుంచి చూసేటోళ్లు మీ మండలంలనే బోలెడు మంది ఉన్నరు."

"గిప్పుడా?" అంది హన్మవ్వ. "మామూలు రోజులల్లనే చెప్పలే. గిప్పుడు ఆయన పాణం ఎట్లున్నదో ఎర్కలేనప్పుడు నా నోటితోటి చెప్పాల్నా?"

నాకు కోపమొచ్చింది. పేరు చెబితే పోయే ప్రాణమైతే ప్రపంచంలో మగవాడు మిగులుతాడా అని అనబోయాను. శృతి నా వైపు ఒక్క చూపు చూసింది. ఊరుకున్నాను. అంతలో శృతి ఫోను మోగింది. "పరమేశ్, తర్వాత మాట్లాడత" అని పెట్టేసింది. హన్మవ్వ ఆమెను వింతగా చూసింది.

"ఎవలు చెల్లె? మీ ఆయననా?"

"అవునక్కా."

"మంచిగున్నడా?"

"మంచిగున్నడు."

హన్మవ్వ కాసేపు ఆ మాటనే తూకం వేసుకున్నట్టుంది. అయినా పేరు బయటికి రాలేదు. చివరికి నా వైపు తిరిగింది.

"అన్నా, పగటీలి మీరేం చేస్తరు?"

"కౌంటరుల కూసుంట."

"గది గాదు. పన్నెండు గొట్టినంక?"

"డబ్బా విప్పి తింట."

"తింటనంటరా ఎవలన్న? పెండ్లికి పోతరు, బంతిల కూసోవెడ్తరు. ఏమని పిలుస్తరు మిమ్ములను?"

"భోజనానికి రమ్మంటరు."

"ఆఁ" అంది. కొంగు మళ్లీ నోటికి అడ్డం పెట్టుకుంది. "సగం వచ్చింది. ఇగ మీ చెల్లె మిమ్ముల ఏమని పిలుస్తది?"

శృతి నాకంటే ముందే కుర్చీ తిప్పేసింది. "భోజన్న" అంటూనే కొట్టింది.

పేరు దొరికింది. భోజన్న, వేల్పూర్ మండలం, దుబాయ్. మోటరు మీది నంబరు కొట్టి, తన పేరుతో తానే విడిగా చేరాడు. అంటే ఈ ప్లాట్‌ఫాం ఇద్దరు మనుషులను ఒక్కరిని చేసింది, ఒక్క మనిషిని ఇద్దరిని చేసి వదిలేసింది. దాని తెలివికి దండం పెట్టాలి.

"ఇయ్యాల పొద్దుగాల కూడా చూసిండు" అంది శృతి. "అన్నా, ఫోటో చూసేటాయన ఈయననే."

కస్టమర్ పేజీ ఇంకొకరికి చూపకూడదని రూలుందట. శృతి తెరను హన్మవ్వ వైపు తిప్పేసింది. కిందటేడు మెకానిక్ తీసిన ఫోటో. మధ్యలో మోటరు, వెనక రేకుల షెడ్డు. ఒక మూలన, ఫోటో తీస్తున్నారని పక్కకు తప్పుకుంటున్న ఆడమనిషి. మొహం లేదు. ఎర్ర చీర కొంగు, మట్టి చేయి, అంతే.

"గిది నేనే" అంది హన్మవ్వ.

పోటీ కంపెనీ అన్నవాణ్ని, నాకు సిగ్గేసింది.

కానీ హన్మవ్వ మళ్లీ మొండికేసింది. "ఆయన ఫోను ఇంకెవలన్న పట్టుకున్నరేమో చెల్లె. మనిషి పోతె ఫోను పోదు గదా." శృతి భోజన్న పేజీలోకి ఒక మెసేజ్ పంపింది: 'మోటరు విషయం మాట్లాడాలి, వెంటనే జవాబు ఇవ్వండి.' ఇంకేమీ రాయలేదు. రాస్తే అక్కడ ఆయన గుండె ఆగుతుందేమోనని.

కూర్చున్నాం. కౌంటరుకు వచ్చిన రైతులను నేను అటునుంచి అటే పంపించాను. టీ తెప్పిస్తే హన్మవ్వ ముట్టలేదు. పన్నెండు దాటింది. డబ్బా విప్పబుద్ధి కాలేదు, భోజనం అన్న మాట తలచుకుంటేనే ఒక రకంగా ఉంది.

అప్పుడు కంప్యూటర్ నుంచి చిన్న శబ్దం వచ్చింది. 'ఏమైంది మేడం, మోటరు కాలిందా?' అని అక్షరాలు.

"ఆయనేనా?" అంది శృతి.

"అక్షరాలకు గొంతుంటదా?" అంది హన్మవ్వ. "ఒకటడుగు. మోటరు మీద చెట్టు నీడ ఉన్నదా, లేదా అని."

శృతి అడిగింది, గొంతుతో చెప్పమంది. కొంచెం ఆలస్యమైంది. ఆ ఆలస్యంలో హన్మవ్వ శృతి బల్ల అంచును పట్టుకుని నిలబడింది. తర్వాత నిద్రమత్తుగా, బొంగురు గొంతుతో మాట వచ్చింది.

"చెట్టెక్కడిది మేడం? యాపచెట్టుండె, షెడ్డు కోసమని నేనే కొట్టేసిన. మా బంటి అవ్వ ఇప్పటికి తిడ్తది. ఎందుకు, గిట్ల అడుగుతున్నరు? ఆమె మంచిగున్నదా? నా సిమ్ము బందయింది, ఐడీ కార్డు కొత్తది రావాలె. నైట్ డూటీ చేసి రూముల వైఫైతోటి చూస్తున్న. ఇంట్ల బటన్ ఫోనే. మీరన్న చెప్పుండ్రి ఆమెకు."

బంటి అవ్వ, అంటే బంటి తల్లి హన్మవ్వ, తెర దగ్గరికి వంగింది. "తిట్టనా మరి? గంత మంచి చెట్టు" అంది. అని, కుర్చీలో కూలబడి భోరున ఏడ్చింది. శృతి కూడా ఏడ్చింది. నేను రైతు ఎవడో పిలిచినట్టు కౌంటరులోకి వచ్చేశాను. పిలిచినవాడెవడూ లేడు.

డబ్బా ముగ్గురం పంచుకుని తిన్నాం. పోయేటప్పుడు హన్మవ్వ చెప్పుల్లో కాళ్లు పెట్టి మళ్లీ ఆగింది. మమ్మల్ని తిడుతుందనుకున్నాను. తిట్టాల్సిందే కూడా.

"చెల్లె, మరి నిజంగ పోయినాయన ఎవలు? ఆయన పెండ్లానికి మీరు ఫోను చేసిండ్రా?"

చేయలేదు. ఆవిడకు పోవాల్సిన సంతాపం ఈవిడకు పోయింది. ఆవిడ నంబరును ప్లాట్‌ఫాం ఎప్పుడో పక్కన పడేసింది.

"చెయ్యి" అంది హన్మవ్వ. "మిషినుతోటి గాదు."

ఆ సాయంత్రమే శృతి ఆ కలిపేసే ఏర్పాటును ఆపేసింది. గొంతుతో పోయే సంతాపాన్ని తీసేసింది. ప్రతి పేజీలో, ఇంట్లో ఏమని పిలుస్తారు అని విడిగా ఇంకో గడి పెట్టింది. మల్లికార్జున్ సార్ వచ్చి కొత్త వెబ్‌సైట్ ఎంతవరకు వచ్చిందని అడిగితే, పేర్లయ్యాక చూద్దాం సార్ అంది. ఆయన నా వైపు చూశాడు. నేను పైపుల వైపు చూశాను.

తర్వాత కాల్ డెస్కుకు వచ్చిన ఫోన్లలో నిజంగా పోయినాయన భార్య నంబరు వెతికి పట్టుకుని, తన ఫోనుతోనే చేసింది. నేను పక్కనే ఉన్నాను. వృద్ధురాలి గొంతు, పేరు విమలమ్మ. శృతి మోటరు కంపెనీ నుంచి అని చెప్పింది. మొన్న మీరు కబురు చెప్పారు, మేం పలకరించలేదు, తప్పైంది అంది. రికార్డు చేసిన మాటలేవీ అనలేదు. ఎట్ల ఉన్నవమ్మా, తింటున్నవా అని అడిగింది. విమలమ్మ చాలాసేపు మాట్లాడింది. ఆయనకు జ్వరం ఎట్లా మొదలైంది, ఏ దవాఖానకు తీసుకుపోయారు, ఆఖరున ఏం తాగుతానన్నాడు. శృతి ఊఁ కొడుతూ విన్నది.

చివరికి మెల్లగా అంది: "అమ్మా, మా దాంట్ల బంటి బాపు అనే ఉన్నది. సరిగ రాయాలె. మీ బంటికి చెప్పి పేరు చెప్పిస్తవా? నువ్వు చెప్పనవసరం లేదు."

ఫోను తెగిందేమో అనుకున్నాం.

"రాజమల్లు" అంది విమలమ్మ. "రాజమల్లు అని రాసుకో బిడ్డా. ఇగ చెప్తె ఏమైతది."